తాళం వేసిన ఆసుపత్రి

మానసిక చికిత్సాలయానికీ మామూలు ఆసుపత్రికీ ఉన్న తేడా తలుపు దగ్గరే తెలిసిపోతుంది. మోకాలి నొప్పికి చేరిన మనిషి డాక్టరు తీరు నచ్చకపోతే చెప్పులేసుకుని ఇంకో ఆసుపత్రికి వెళ్తాడు. మానసిక వైద్యశాలలోనో డీ-అడిక్షన్ సెంటర్‌లోనో ఉన్నవాడు అలా వెళ్ళలేకపోవచ్చు. తలుపుకు తాళం ఉంటుంది, తాళంచెవి వైద్యం చేసేవాళ్ళ దగ్గర ఉంటుంది, డబ్బు కట్టేవాడు గేటు బయట ఉంటాడు. లోపల కొడుతున్నారని రోగి చెప్పినా అది పిచ్చివాడి మాట, తాగుబోతు మాట అయిపోతుంది. బేరం, మంచిపేరు, ఆ నోటా ఈ నోటా పాకే కబురు మామూలు వైద్యాన్ని ఎంతో కొంత అదుపులో పెడతాయి. తాళం దాటి లోపలికి ఇవేవీ పోవు. అందుకే ఇలాంటి సంస్థలకు రిజిస్ట్రేషన్, తనిఖీ, రోగి తరఫున విచారణ అని మూడంచెల కాపలా పెట్టారు. అది కాపలా కాస్తోందా, కునుకు తీస్తోందా అన్న దగ్గరే తగవు.

భారతదేశంలో ఈ కాపలా మెల్లగా పుట్టింది. 1912 నాటి లూనసీ చట్టానికి రోగి కంటే వాడి వల్ల ఊరికి వచ్చే ముప్పే ముఖ్యం. 1987లో వచ్చి 1993 నుంచి అమలైన మానసిక ఆరోగ్య చట్టం ప్రైవేటు మానసిక వైద్యశాలలకు లైసెన్సు తప్పనిసరి చేసింది. ప్రభుత్వ ఆసుపత్రులను ఆ లైసెన్సు జోలికి రానివ్వలేదు. ఆ చట్టం నడుస్తున్న ఎనిమిదేళ్ళకు, 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున, తమిళనాడు రామనాథపురం జిల్లా ఏర్వాడిలో దర్గా చుట్టూ వెలసిన ప్రైవేటు ఆశ్రమాల్లో ఒకదానికి నిప్పంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉన్న రోగులు కదల్లేకపోయారు. 28 మంది చనిపోయారు. సుప్రీంకోర్టు దాన్ని తనంతట తానే విచారణకు తీసుకుంది. ఇప్పుడు అమల్లో ఉన్న 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో, రోగిని ఏ రూపంలోనూ గొలుసులతో కట్టకూడదన్న 95వ సెక్షను చదివితే ఏర్వాడి గుర్తు రాక మానదు.

ఈ చట్టం మీద వాదం రెండు గొంతుల్లో వినిపిస్తుంది. ఒకటి జిల్లా వైద్య ఆరోగ్య శాఖలో పనిచేసి రిటైరైన డాక్టరుది. రెండోది జిల్లా కేంద్రంలో 30 పడకల డీ-అడిక్షన్ సెంటర్ నడిపే నిర్వాహకుడిది. ఇద్దరూ ఊహించినవాళ్ళే, వాళ్ళ వాదనలు మాత్రం ఈ రంగంలో రోజూ వినిపించేవే.

నిర్వాహకుడు కొరత దగ్గర మొదలుపెడతాడు. "డాక్టరు గారూ, ఎయిమ్స్ వాళ్ళు కేంద్ర ప్రభుత్వం కోసం చేసి 2019లో బయటపెట్టిన సర్వే మీరు చూసే ఉంటారు. మద్యంతో సమస్యలో పడి సాయం కావాల్సినవాళ్ళు దేశంలో 5.7 కోట్ల మంది అన్నారు. తాగుడుకు పూర్తిగా బానిసైనవాళ్ళలో ఏదో ఒక వైద్యం దొరికింది 38 మందిలో ఒకడికి. ఆసుపత్రిలో చేరింది 180 మందిలో ఒకడు. లక్ష మందికి ఒక సైకియాట్రిస్టు కూడా లేని దేశం మనది. అన్నం లేని ఇంట్లో వడ్డన సరిగా లేదని జరిమానా వేస్తే ఎట్లాగండి?"

డాక్టరు ఈ లెక్కలు కాదనడు. ఆయన అభ్యంతరం లెక్కల నుంచి తీసిన అర్థం మీద. "కొరత ఉందంటే పడకలు పెంచాలి. ఎవరు పడితే వాళ్ళు పడకలు వెయ్యొచ్చని కాదు. రోజూ తాగేవాడికి ఉన్నట్టుండి మందు ఆపితే ఏమవుతుందో మీకు తెలుసు. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజుకీ నాలుగో రోజుకీ మధ్య ఒళ్ళు కాలిపోయి, చేతులు వణికి, లేని పురుగులు గోడ మీద కనిపించే డెలీరియంలోకి జారవచ్చు. చూసుకోకపోతే ప్రాణం పోతుంది. సమయానికి లోరాజిపామ్‌, థయమిన్ పడితే చాలామంది గట్టెక్కుతారు. ఇది తెలియని చోట ఏం చేస్తారు? గోల చేస్తున్నాడని కాళ్ళూ చేతులూ కట్టేస్తారు, పొద్దున్నే చల్లబడ్డాడనుకుంటారు. ఇంట్లో తాగుతూ ఉంటే ఆ వారం బతికేవాడే."

ఇక్కడ డాక్టరుదే పైచేయి. తాగుడు మాన్పించే కేంద్రమంటే నాలుగు మంచి మాటలు, కాస్త యోగా, మూడు నెలల నిర్బంధం అనే నమ్మకం చాలా ఇళ్ళలో ఉంది. తొలి వారం పని మాత్రం పూర్తిగా వైద్యుడిది. 2017 చట్టం మానసిక వ్యాధి నిర్వచనంలోనే మద్యం, మాదకద్రవ్యాల వాడకంతో ముడిపడిన మానసిక స్థితులను చేర్చింది. కాబట్టి అలాంటివాళ్ళను ఉంచుకుని వైద్యం చేసే సంస్థ మానసిక ఆరోగ్య సంస్థే అవుతుంది. "మాది కౌన్సెలింగ్ సెంటరే, ఆసుపత్రి కాదు" అన్న తప్పించుకోలుకు చోటు దొరుకుతోందంటే కారణం పాలనలో ఉన్న చీలిక. స్వచ్ఛంద సంస్థలు నడిపే పునరావాస కేంద్రాలకు గ్రాంటు ఇచ్చేది కేంద్ర సామాజిక న్యాయ శాఖ, చికిత్సా ప్రమాణాలు ఆరోగ్య శాఖవి, మాదకద్రవ్యాల చట్టం 1985 నాటిది, విడిగా ఉంది. పంజాబ్ 2011లోనే వ్యసన చికిత్సా కేంద్రాలకు, పునరావాస కేంద్రాలకు ప్రత్యేక నిబంధనలు రాసుకుంది. అలాంటి విభజన లేని చోట్ల ఇద్దరు పెళ్ళాల మొగుడి సామెతే. ఏ శాఖను అడిగినా రెండో శాఖ వైపు చూపిస్తుంది.

రిజిస్ట్రేషన్ పద్ధతి దగ్గరకు వచ్చేసరికి నిర్వాహకుడి గొంతు పదునెక్కుతుంది. "దరఖాస్తు పెట్టిన పది రోజుల్లో తాత్కాలిక రిజిస్ట్రేషన్ ఇవ్వాలని చట్టం. ఇచ్చేముందు విచారణ అక్కర్లేదని కూడా అందులోనే ఉంది. పన్నెండు నెలలు చెల్లుతుంది, మళ్ళీ పొడిగించుకోవచ్చు. అంటే గడప తొక్కకుండా నంబరు ఇస్తారు. ఆ నంబరు బోర్డు మీద రాయించుకుంటే, వచ్చేవాళ్ళు ప్రభుత్వం చూసి మెచ్చుకుందనుకుంటారు. నిజాయితీగా నడిపే నాకూ అదే నంబరు, రేకుల షెడ్డులో యాభై మందిని కుక్కేవాడికీ అదే నంబరు. ఇంక ఈ కాగితం ఎవరిని కాపాడుతోందండి?"

"చిరునామాను కాపాడుతోంది" అంటాడు డాక్టరు. "నవ్వకండి. ఏర్వాడి లాంటి చోట్ల ఎన్ని ఆశ్రమాలున్నాయి, ఎవరు నడుపుతున్నారు, లోపల ఎంతమంది అన్నది ముందు ఒక పుస్తకంలోకి ఎక్కాలి. తాత్కాలిక రిజిస్ట్రేషన్ అందుకే. గట్టి పరీక్ష శాశ్వత రిజిస్ట్రేషన్ దగ్గర ఉంది. కనీస ప్రమాణాలు పాటిస్తున్నట్టు రుజువులు చూపాలి, వాటిని ముప్పై రోజులు జనం ముందు పెట్టి అభ్యంతరాలు అడగాలి."

"ఆ అభ్యంతరాల మీద అధికారులు ఉలకకపోతే, పలకకపోతే రిజిస్ట్రేషన్ ఇచ్చినట్టే లెక్క అని కూడా ఉంది కదా!"

డాక్టరు కాసేపు జవాబు చెప్పడు. గడువులోగా అధికారి కదలకపోతే అనుమతి దొరికినట్టే అనే నియమం లంచాన్ని, ఆలస్యాన్ని తగ్గించడానికి పెట్టినది. దుకాణానికి, గోదాముకు అది మంచి నియమమే. తాళం వేసే హక్కు విషయంలో అధికారి మౌనాన్ని అంగీకారంగా తీసుకోవడం ఈ చట్టంలో ఒక లోపం. ఇందులో నిర్వాహకుడి మాటే నిలుస్తుంది.

జరిమానాల మీద ఇద్దరికీ పెద్ద గొడవ లేదు. రిజిస్ట్రేషన్ లేకుండా నడిపితే మొదటిసారి 5,000 నుంచి 50,000 రూపాయలు, రెండోసారి 2 లక్షల దాకా, ఆ పైన ప్రతిసారీ 2 నుంచి 5 లక్షలు. అలాంటి చోట తెలిసి పనిచేసిన మానసిక ఆరోగ్య నిపుణుడికి 25,000 దాకా. ప్రైవేటు కేంద్రాల్లో ఒక రోగి దగ్గర నెలకు తీసుకునే ఫీజే తొలి జరిమానా కనిష్ఠాన్ని దాటిపోతుంది. దాన్ని శిక్ష అనడం కంటే ఆలస్య రుసుము అనడం నయం. చట్టం నియమాలను మొదటిసారి మీరినందుకే ఆరు నెలల దాకా జైలు వేయగల సెక్షను వేరే ఉన్నా, అది కోర్టు దాకా నడిచే దారి.

నిర్వాహకుడి అసలు ఆయుధం ప్రభుత్వమే. "మా గోడలు కొలవడానికి వచ్చేవాళ్ళు ముందు తమ గోడలు చూసుకోవాలి. 2023 జనవరిలో జాతీయ మానవ హక్కుల కమిషన్ గ్వాలియర్, ఆగ్రా, రాంచీ ఆసుపత్రులు చూసి, దేశంలోని 46 ప్రభుత్వ మానసిక వైద్య సంస్థల తీరూ అమానుషంగా ఉందని నోటీసులిచ్చింది. జబ్బు నయమైనవాళ్ళను కూడా ఏళ్ళ తరబడి లోపలే ఉంచారని అన్నది వాళ్ళే. మన హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక వైద్యశాలలో 2025 జూన్‌లో ఏం జరిగింది? తిన్న తిండి పడక పదుల సంఖ్యలో రోగులు జబ్బుపడ్డారు, ఆ రోజుల్లోనే ఒకరు చనిపోయారు. కంచే చేను మేస్తుంటే పక్క పొలంలో మేకను బంధిస్తే ఏం లాభం?"

డాక్టరు ఎదురు వాదించడు. 1987 చట్టం ప్రభుత్వ ఆసుపత్రులను వదిలేసిందనీ, 2017 చట్టం వాటిని కూడా రిజిస్ట్రేషన్ కిందికి తెచ్చిందనీ, ఆయుర్వేదం, యోగ, ప్రకృతి చికిత్స, యునానీ, సిద్ధ, హోమియో సంస్థలకూ అదే నియమమనీ గుర్తుచేస్తాడు. ఆ తరువాత, నిర్వాహకుడు అడగకపోయినా, తానే ఇంకో అడుగు ముందుకు వేస్తాడు. "మీరు సంఘటనలు చెప్పారు, నేను నిర్మాణం చెబుతాను. రిజిస్ట్రేషన్ ఇచ్చే రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థకు హోదా రీత్యా అధ్యక్షుడు ఆరోగ్య శాఖ కార్యదర్శి. ప్రభుత్వ మానసిక ఆసుపత్రి అధిపతికో, ప్రభుత్వ వైద్య కళాశాలలో ఆ విభాగం పెద్దకో అందులో సభ్యత్వం. ఎర్రగడ్డ, విశాఖ చినవాల్తేరు లాంటి ఆసుపత్రులను నడిపేదీ ఆ శాఖే, వాటికి మార్కులు వేసేదీ ఆ శాఖే. పరీక్ష రాసినవాడే పేపరు దిద్దుకుంటున్నాడు. రిటైరయ్యాక చెప్పడం తేలికే అనుకోండి."

ఈ ఒప్పుకోలుతో వాదం దారి మారుతుంది. అప్పటిదాకా 'లైసెన్సు ఉండాలా, వద్దా' అన్నది 'చూసేవాడు ఎవరు, ఎప్పుడు చూడాలి' అన్న ప్రశ్న అవుతుంది. చట్టంలో దీనికి రెండు ఏర్పాట్లున్నాయి. ఒకటి, రిజిస్టరైన ప్రతి సంస్థకూ మూడేళ్ళకోసారి ఆడిట్, అందులో స్థానిక సమాజం ప్రతినిధులు కూడా ఉండాలి. రెండు, ఫిర్యాదు వచ్చినా రాకపోయినా తనిఖీ చేసే అధికారం.

"తనిఖీకి వస్తామని ముందు రోజే కబురు వస్తుంది చాలా చోట్ల" అంటాడు నిర్వాహకుడు. "ఆ పూట కొత్త దుప్పట్లు, పప్పులో పప్పు. వచ్చినవాళ్ళు ఆఫీసు గదిలో రిజిస్టర్లు చూసి, టీ తాగి వెళ్తారు. మూడేళ్ళకోసారంటే మధ్యలో వెయ్యి రాత్రులుంటాయి సార్."

డాక్టరు చెప్పే తనిఖీ వేరు. మామూలు ఆసుపత్రి తనిఖీలో గదుల కొలతలు, పరికరాలు, డిగ్రీ పట్టాలు చూస్తారు. తాళం ఉన్న చోట ముందుగా తలలు లెక్కపెట్టాలి. రిజిస్టరులో 28 పేర్లుండి లోపల 41 మంది ఉంటే ఆ 13 మంది ఎక్కడి నుంచి వచ్చారో తేలేదాకా మిగతా కాగితాలకు అర్థం లేదు. తరువాత గడియలు. లోపలి నుంచి తీయలేని తలుపు ఏది, మంటలు లేస్తే దాని తాళంచెవి రాత్రి రెండింటికి ఎవరి దగ్గర ఉంటుంది? ఆ పైన మందుల లెక్క. మత్తు ఇంజెక్షన్లు ఎన్ని కొన్నారు, కేసు షీట్లలో ఎన్ని రాశారు? తేడా ఉంటే రోగులను నోరెత్తకుండా పడుకోబెడుతున్నారన్న అనుమానం తప్పదు. కట్టేయడం, విడిగా ఉంచడం మీద చట్టం కచ్చితంగా ఉంది. ఒంటరి గదిలో బంధించడం నిషేధం. శారీరక నిర్బంధం ప్రమాదం తప్పించడానికి వేరే దారి లేనప్పుడే, సైకియాట్రిస్టు అనుమతితో, కారణం రాసి, అవసరమైనంత సేపే. శిక్షగా పనికిరాదు. బలవంతంగా గుండు కొట్టించడం, యూనిఫారం తొడగడం కూడా కూడదు. కాబట్టి వరుసగా బోడి తలలు కనిపిస్తే చాలు, రిజిస్టరు తెరవకుండానే సగం సంగతి తెలిసిపోతుంది. చివరగా, అన్నిటికంటే ముఖ్యంగా, సిబ్బంది వినిపించుకోలేని దూరంలో రోగులతో మాట్లాడాలి.

"అబద్ధాలు చెబుతారండి" అంటాడు నిర్వాహకుడు. "బయటపడాలని ఏదైనా చెబుతారు. నా మీద ఎన్ని చెప్పారో!"

"చెబుతారు. పదిమంది పది అబద్ధాలు చెబుతారు. పదిమందీ ఒకే స్టోర్ రూము పేరు చెబితే వెళ్ళి ఆ గది తలుపు తీయించాలి."

చేర్చుకునే పద్ధతి మీద ఇద్దరికీ రాజీ కుదరదు. చట్టం ప్రకారం తన ఇష్టంతో చేరినవాడు వెళ్తానంటే వెంటనే పంపాలి. ప్రాణాపాయం లాంటి అనుమానం ఉంటే పరీక్ష కోసం 24 గంటలు మాత్రం ఆపవచ్చు. ఇష్టం లేనివాణ్ణి అతని తరఫున మాట్లాడే నామినేటెడ్ ప్రతినిధి కోరితే చేర్చుకోవచ్చు గానీ, ఒక సైకియాట్రిస్టు, ఇంకో నిపుణుడో డాక్టరో విడివిడిగా పరీక్ష చేసి, తనకు గానీ ఇతరులకు గానీ హాని, లేదా తనను తాను చూసుకోలేని స్థితి ఉందని తేల్చాలి. ఏడు రోజుల్లో, ఆడవాళ్ళయినా మైనర్లయినా మూడు రోజుల్లో, మానసిక ఆరోగ్య సమీక్షా మండలికి తెలియజేయాలి. ఆ ప్రవేశం 30 రోజులకే చెల్లుతుంది. పొడిగించాలంటే మళ్ళీ పరీక్షలు, మండలి ఆమోదం.

"మా దగ్గరికి రాత్రి పదకొండింటికి ఒక అమ్మాయి ఫోను చేస్తుంది" అంటాడు నిర్వాహకుడు. "నాన్న తాగొచ్చి అమ్మను కొడుతున్నాడు, తీసుకుపొమ్మని. ఆ రాత్రి నేను ఇద్దరు నిపుణులను ఎక్కడ వెతకాలి? మా ఊళ్ళో సైకియాట్రిస్టే ఒక్కరు. పొద్దున తెలివొచ్చాక ఆ నాన్న 'నాకేం జబ్బు లేదు' అంటాడు. చట్టం ఆయన మాట వింటుంది. ఆ అమ్మాయి మాట ఎవరు వినాలి?"

డాక్టరు అత్యవసర చికిత్స సెక్షను చూపిస్తాడు. దాని ప్రకారం రిజిస్టరైన ఏ వైద్యుడైనా 72 గంటల దాకా అత్యవసర చికిత్స చేయవచ్చు. "అది ఆ రాత్రికి సరిపోతుంది. మీరు అడుగుతున్నది మూడు నెలలకు. కొట్టినవాడి మీద గృహహింస చట్టం ఉంది, పోలీసులున్నారు. కొట్టినందుకు శిక్షగా రీహాబ్‌లో వేస్తామంటే మీది జైలవుతుంది. జైలుకైనా కోర్టు వారెంటు కావాలి, మీకు ఫోను కాల్ చాలా? నలుగురు మనుషులు వ్యాన్‌లో వచ్చి మనిషిని ఎత్తుకుపోవడం, మూడు నెలల ప్యాకేజీకి డబ్బు ముందే కట్టించుకోవడం. ఆ 30 రోజుల గడువు ఈ బేరం కోసమే పెట్టింది. ఆస్తి తగాదాలో అన్ననూ, మాట వినని కూతురినీ ఇదే దారిన పంపితే మీ గేటు దగ్గర ఆపేదెవరు?"

"నేను ఆపుతాను."

"మీరు ఆపుతారు. మీ పక్కవాడు?"

సమీక్షా మండలి ఈ ప్రశ్నకు చట్టం ఇచ్చిన జవాబు. జిల్లా జడ్జి స్థాయి వ్యక్తి అధ్యక్షుడు, కలెక్టరు ప్రతినిధి, ఒక సైకియాట్రిస్టు, ఒక డాక్టరు, మరో ఇద్దరు మానసిక వ్యాధి అనుభవించినవారో, సంరక్షకులో, స్వచ్ఛంద సంస్థలవారో. రోగి గానీ అతని ప్రతినిధి గానీ రుసుము లేకుండా దీన్ని ఆశ్రయించవచ్చు. ఆరోగ్య శాఖ చేతి కింద లేని కన్ను మొత్తం ఏర్పాటులో ఇదొక్కటే. చట్టంలో అన్నిటికంటే బలహీనంగా మొలకెత్తిందీ ఇదే. ప్రాధికార సంస్థల ఏర్పాటుకు చట్టం పెట్టిన తొమ్మిది నెలల గడువును చాలా రాష్ట్రాలు దాటేశాయి, మండళ్ళు ఇంకా వెనకబడ్డాయి. మండలి లేని జిల్లాలో 30 రోజుల గడువును చూసేవాడు లేడు. అలాంటి చోట ఇద్దరు నిపుణుల సంతకాలు ఫైలులో పడుకుంటాయి.

గుళ్ళు, దర్గాల దగ్గర రోగులను ఉంచే చోట్ల మీద వాదం చిన్నది. ఎక్కడైనా రోగిని 'ఉంచితే' అది చట్టం కిందికి వస్తుందంటాడు డాక్టరు. ఉత్తరప్రదేశ్ బదాయూఁలో మొక్కుబడి స్థలం దగ్గర గొలుసులతో కట్టిన రోగుల గురించి 2019 జనవరిలో సుప్రీంకోర్టు గట్టిగా మాట్లాడిందని గుర్తుచేస్తాడు. గుజరాత్ మెహసానా జిల్లా ఉనావాలోని మీరా దాతార్ దర్గాలో తాయెత్తు కట్టే ముజావర్లే రోగిని పక్క గదిలోని సైకియాట్రిస్టు దగ్గరికి పంపే 'దవా-దువా' పద్ధతిని నిర్వాహకుడు చూపిస్తాడు. నోటీసు ఇచ్చి భయపెట్టకుండానే అక్కడ రోగులకు మందు అందింది. రెండూ నిజాలే. గొలుసు దగ్గర మొదటిది కావాలి, నమ్మకం దగ్గర రెండోది.

ప్రమాణాల విషయంలో నిర్వాహకుడి ఫిర్యాదుకు చట్టంలోనే మందుంది. సంస్థలను తరగతులుగా విడదీసి, స్థానిక పరిస్థితులను చూసి, ఒక్కో తరగతికి ఒక్కో కనీస ప్రమాణం పెట్టవచ్చని అందులో రాసి ఉంది. నలుగురు డాక్టర్లున్న నగర ఆసుపత్రికి, వారానికి రెండు రోజులు సైకియాట్రిస్టు వచ్చే 15 పడకల కేంద్రానికి ఒకే కొలబద్ద అక్కర్లేదు. డాక్టరు దీనికి ఒక్క షరతు పెడతాడు. గదుల కొలతల్లో, సిబ్బంది సంఖ్యలో సడలింపు సరే గానీ, తొలి వారం వైద్య పర్యవేక్షణ, తాళం, గొలుసు, రోగికి ఫోను అనే నాలుగింటిలో ఏ తరగతికీ సడలింపు ఉండకూడదు. నిర్వాహకుడు మూడింటికి ఒప్పుకుంటాడు. ఫోను మీద మాత్రం, సరుకు తెప్పించుకుంటారేమోనన్న భయంతో, రోజుకోసారి సిబ్బంది ఎదుట అంటాడు. సిబ్బంది ఎదుట చేసే ఫోనులో సిబ్బంది మీద ఫిర్యాదు ఎట్లా చేస్తారన్న ప్రశ్నకు అతని దగ్గర సమాధానం లేదు.

మిగిలింది మూసివేత. లోపలివాళ్ళ ప్రాణానికి తక్షణ ముప్పు ఉంటే సంస్థను వెంటనే ఆపించే అధికారం ప్రాధికార సంస్థకు ఉంది. డాక్టరు దాన్ని చివరి ఆయుధం అంటాడు. నిర్వాహకుడు ఆ మాట ఒప్పుకుంటూనే అడుగుతాడు: "మూసిన రాత్రి ఆ నలభై మంది ఎక్కడ పడుకుంటారండి?" ఏర్వాడి మంటల తరువాత వారం రోజులకు, 2001 ఆగస్టు 13న, అక్కడి ఆశ్రమాలన్నిటినీ మూసేసి 500 మందికి పైగా రోగులను ప్రభుత్వ సంరక్షణలోకి తీసుకున్నారు. 2017 చట్టం హాఫ్-వే హోములను, ఆశ్రిత నివాసాలను రాష్ట్రాల బాధ్యతగా రాసింది. అవి లేని జిల్లాలో తాళం వేయడానికి వచ్చిన అధికారి ముందుగా చేయాల్సిన పని రోగుల ఇళ్ళకు ఒక్కొక్కటిగా ఫోను చేయడం. ఆ ఫోన్లలో కొన్నింటికి జవాబు రాదు.